పద్దెనిమిది కీర్తనల కొండ

నడవడం నాకు ఇష్టమే. సరదాకి నడవడమంటేనే ఒళ్లు మండుతుంది. ఈ మధ్య మా గరాచర్మ రోడ్డు మీద పొద్దున్నే తెల్ల బూట్లు వేసుకుని చేతులు ఊపుకుంటూ పోయేవాళ్లని చూసినా నా మొహం మాడిపోతుంది. పాపం, వాళ్లు నాకేం చేశారు? ఏమీ చెయ్యలేదు. చేసిందంతా నేనే. ఆ చేసినదేమిటో రాద్దామని ఇన్నేళ్లకు కూర్చున్నాను. కోపంగానే రాస్తాను. మెత్తగా రాయడం నాకెలాగూ రాదు. ఈ సంగతి మెత్తగా రాయకూడదు కూడా.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. పోర్ట్‌బ్లెయిర్‌లో, డెలానీపూర్‌లో ఒక ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టుని. మా తాత ఆంధ్ర తీరం నుంచి ఓడెక్కి వచ్చిన వడ్రంగి. నేను ఈ దీవిలోనే పుట్టాను. అమ్మ నా చిన్నప్పుడే పోతే పిన్ని పెంచింది. పిన్ని పెళ్లి చేసుకోలేదు. ఆస్టినాబాద్‌లో చిన్నపిల్లల బడిలో టీచరు. ఆదివారం మా తెలుగు ఆరాధనలో పాట ఎత్తుకునేది ఆవిడ, హార్మోనియం వాయించేది నేను. గరాచర్మలో రెండు గదుల ఇంట్లో ఇద్దరమే ఉండేవాళ్లం.

ఆ ఏడు మా ఆఫీసుకు మెయిన్‌ల్యాండ్ నుంచి కొత్త ఆఫీసరు వచ్చాడు. ఉత్తరాది మనిషి. ట్రైనింగని చెప్పి విదేశం వెళ్లి వచ్చాడు. మధ్యధరా సముద్రం ఒడ్డున కొండలున్నాయట, ఆ కొండల మీద రాతి ఇళ్ల ఊళ్లున్నాయట. సెలవుల్లో జనం అక్కడికి వచ్చి, గైడు కూడా లేకుండా, చేతిలో ఒక కాగితం పట్టుకుని ఊరి నుంచి ఊరికి నడుస్తారట. ఎక్కడ మలుపు తిరగాలో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో, ఎంతసేపు పడుతుందో అన్నీ ఆ కాగితంలోనే ఉంటాయట. సామాను మాత్రం బండిలో ముందే వెళ్లిపోతుందట. అది ఏ దేశమో నాకు గుర్తులేదు. ఆయన చెప్పిన ప్రతిసారీ దేశం మారేది.

"మనకూ సముద్రముంది, కొండలున్నాయి, కొండల మీద ఊళ్లున్నాయి. లేనిదల్లా ఆ కాగితం ఒక్కటే," అన్నాడు ఆయన ఒకరోజు మా అందరినీ పిలిచి.

లేనిదల్లా కాగితం ఒక్కటేనట! ఆ ఊళ్లు ఎవరివో ఆయనకు తెలియదా? దేశం రెండు ముక్కలైనప్పుడు తూర్పు బెంగాల్లో ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న వాళ్లను ఓడల్లో తెచ్చి అడవిలో దింపారు. ఇదిగో భూమి, ఇదిగో గొడ్డలి, నరుక్కోండి అన్నారు. వాళ్లు నరుక్కున్నారు, వరి పండించారు, పోక తోటలు వేశారు. ఇరవై ఏళ్ల పైన గడిచినా చాలా ఊళ్లకు రోడ్డు లేదు, నర్సు లేదు. కానీ లేనిది కాగితమట. ఇవాళ ఇలా రాస్తున్నానుగానీ, ఆరోజు నేను ఏమన్నానో తెలుసా? "నా సొంత సెలవు పెట్టుకుని నేను రాసుకొస్తాను సార్," అన్నాను. ఆ ఆఫీసులో నన్ను అందరూ టైపు కొట్టే వేళ్ల కిందే లెక్కేసేవాళ్లు. బుర్ర కూడా ఉందని చూపించుకోవాలని నాకు మహా ఉబలాటం.

వానలు లేని నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఒంటరిగా వెళ్లనివ్వనని పిన్ని వెంట బయల్దేరింది. ఆఫీసరు చెప్పినట్టే బట్టల సంచీని బస్సు కండక్టరుకు ఇచ్చి ముందు ఊరి రేషన్ షాపులో దింపమని, మేం నడక మొదలుపెట్టాం. పిన్ని చేతికి గడియారం, నా చేతిలో నోటుబుక్కు.

మొదటి రోజే తెలిసింది, ఈ దీవుల్లో సరదాకి నడిచే మనిషి ఎవరికీ అర్థం కాడని. ఎదురైన ప్రతివాళ్లూ ఆగి, "ఎవరు పోయారు?" అని అడిగారు. ఎవరూ పోలేదంటే, "బస్సు చెడిపోయిందా?" అన్నారు. లేదు, ఊరికే నడుస్తున్నామంటే మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, ఇంట్లో గొడవపడి వచ్చేశారా అని మెల్లిగా అడిగారు. మధ్యాహ్నానికి ఆ ఊరి మనుషులు నలుగురు కర్రలు పట్టుకుని మాకు ఎదురొచ్చారు. సంచీ వచ్చింది, మనుషులు రాలేదు. అడవిలో ఏమయ్యారోనని వెతకడానికి బయల్దేరారట. పిన్ని సిగ్గుతో చచ్చిపోయింది. నాకు మాత్రం వాళ్ల మీద కోపమొచ్చింది. ఆ మధ్యధరా వాళ్లలా కాస్త నాజూకుగా ఉండలేరా అనుకున్నాను. అలాంటి బుర్ర నాది అప్పట్లో.

ఆ రోజు చదునుదారిలో పిన్ని ఊసుపోక కీర్తనలు ఎత్తుకుంది. మా ఆరాధన జరిగే హాలు మా ఒక్కళ్లదే కాదు. మా వెనక తమిళం వాళ్ల ఆరాధన. గంటన్నర దాటితే వాళ్లు తలుపు దగ్గర నిలబడి దగ్గుతారు. అందుకని పాటకు ఐదు నిమిషాలు చొప్పున లెక్క కట్టి మరీ నడిపేవాళ్లం. పిన్ని గొంతులో ఆ ఐదు నిమిషాలు ఎంతగా పాతుకుపోయాయంటే, గడియారంతో సరిచూసుకుంటే ఎన్నిసార్లయినా అంతే వచ్చింది. నేను ముచ్చటపడి ఆ సంగతి నోటుబుక్కులో కూడా రాసుకున్నాను.

మూడోరోజు పొద్దున ఒక కొండమీది ఊరికి బయల్దేరాం. బస్సు నల్లా దగ్గరే ఆగిపోతుంది. నల్లా అంటే అక్కడ చిన్న వాగు, వానాకాలంలో మాత్రం పెద్ద వాగు. అది దాటితే అంతా ఎక్కుడే. దాటేటప్పుడు పిన్ని కాలు జారి మోచేతి దాకా నీళ్లలో పడింది. గడియారం ఆగిపోయింది.

"ఘడీ బంద్ పడిపోనాది. ఇప్పుడేటి సేస్తావే, టైము రాయాల గదా నువ్వు?" అంది పిన్ని.

"వెనక్కి వెళ్లిపోదాం. గడియారం బాగుచేయించుకుని ఇంకోసారి వద్దాం," అని ఉండాల్సింది నేను. అనలేదు.

"పాటలు ఉన్నాయి కదా పిన్నీ," అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అచ్ఛా, ఔనే! ఒక్కో పాటకీ ఒక్కో రాయి సంచీలో ఏసుకుంటాను. పైకెల్లినాక లెక్కెట్టుకుందాం."

అలా ఎక్కాం. పిన్ని పాడుతూ, నేను అందుకుంటూ. పాట అయిపోగానే గులకరాయి ఒకటి పిన్ని చేతిసంచీలోకి. చివరికి పద్దెనిమిది రాళ్లు తేలాయి. పద్దెనిమిది ఐదులు తొంభై. గంటన్నర. నోటుబుక్కులో గంటన్నర అని రాసి కింద గీత కూడా గీశాను.

ఎవరైనా చిన్నపిల్లాణ్ని అడిగినా చెప్తాడు అందులో తప్పేమిటో. చదునుదారిలో ఊపిరి ఆగకుండా పాడిన పాట వేరు, ఎక్కుడులో పాడిన పాట వేరు. పల్లవికి ఒకసారి, చరణానికి ఒకసారి చెట్టు పట్టుకుని నిలబడ్డాం. ఒక పాట మధ్యలో అయితే బండ మీద కూర్చుని తెచ్చుకున్న రొట్టెలు తిని, జలగలు పీక్కుని, మంచినీళ్లు తాగి, ఆ తర్వాత ఆఖరి చరణం పాడాం. దానికీ ఒక్కటే రాయి. పొద్దున నల్లా దాటి ఎక్కడం మొదలుపెట్టినవాళ్లం పైకి చేరేసరికి అక్కడ మధ్యాహ్నం భోజనాలు అయిపోయి అంట్లు తోముకుంటున్నారు. అది కళ్లతో చూశాను. చూసి ఏమనుకున్నానంటే, వీళ్లు పెందలాడే తినేస్తారు కాబోలు అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ అంట్లు తోముకుంటున్న ఆవిడే మాకు ఇంట్లో చోటిచ్చింది. యాభై దాటిన మనిషి. బెంగాలీ. మాతో బెంగాలీ యాస హిందీలో మాట్లాడేది. నేను ఆవిణ్ని మాసీ అని పిలిచాను, అంటే పిన్ననే. మమ్మల్ని చూడగానే తడిచేతులతోనే లేచొచ్చి, "క్యా హువా బేటీ? ఎవరికి బాగోలేదు?" అంది. ఊరికే వచ్చామంటే నమ్మలేదు. అయినా మళ్లీ పొయ్యి ముట్టించి మాకోసం అన్నం వండింది. కొడుక్కి కొత్తగా పెళ్లయింది. కోడలు పద్దెనిమిదేళ్ల పిల్ల, తలమీద కొంగు తియ్యకుండా మాకు వడ్డించింది. పేరు అడిగితే నవ్వి లోపలికి పోయింది.

భోజనాలయ్యాక మాసీ వాకిట్లో కూర్చుని పోకలు ఒలుస్తూ తన కూతురి సంగతి చెప్పింది. తొలి కాన్పు. వానాకాలం. నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగింది. నలుగురు మగవాళ్లు కుర్చీకి రెండు వెదురు గడలు కట్టి, అందులో కూర్చోబెట్టి దింపారు. దారంతా బురద. నల్లా చేరేసరికి నీళ్లు ఎత్తుగా ఉన్నాయి. దాటడానికి లేక ఒడ్డునే కూర్చున్నారు. అక్కడే పోయింది, బిడ్డతో సహా.

"ఐదుగంటల దారి బేటీ, మనిషిని మోసుకుని దిగితే. నల్లా మీద పుల్ కావాలి మాకు. ఇక్కడిదాకా జీపు వచ్చే రోడ్డు కావాలి. ఇంకేం అడగం," అంది. పుల్ అంటే వంతెన.

ఐదు గంటలు అని ఆ నోటితో చెప్పింది, నా చెవులతో విన్నాను. నోటుబుక్కులో గంటన్నర అని రాసుకున్న మనిషిని, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. మోసుకుని దిగడం కదా, ఎక్కువ పడుతుందిలే అని సరిపెట్టుకున్నాను. కూతురు పోయిన సంగతి మాత్రం రాసుకున్నాను. రాసుకుంటూ ఏడ్చాను కూడా. ఏడ్చినందుకు నాకు ఇప్పటికీ నామీద అసహ్యమే. ఏడుపు వచ్చింది కానీ లెక్క సరిచూసుకోవాలన్న జ్ఞానం రాలేదు.

తిరిగొచ్చి కాగితం రాశాను. ఇంగ్లీషులో, నీటుగా, మూడు పేజీలు. కొండమీది ఊరి గురించి, పైనుంచి రెండు వైపులా సముద్రం కనిపిస్తుందనీ, ఊరివాళ్లు ప్రేమగల మనుషులనీ, దారి పొడవునా నీడ ఉందనీ రాశాను. చివర్న, "ఎక్కడానికి గంటన్నర. ఆడవాళ్లు కూడా హాయిగా ఎక్కగలరు," అని రాశాను. ఆ 'కూడా' ఎందుకు రాశానో నాకు బాగా తెలుసు. ఆఫీసరు చూసి, ఈ అమ్మాయి గట్టిదే అనుకోవాలి. అందుకు.

మాసీ కూతురి సంగతి కూడా నాలుగు వాక్యాలు రాశాను. నల్లా మీద వంతెన లేదని, వానల్లో వెళ్లకూడదని. ఆఫీసరు పెన్సిలు తీసి ఆ నాలుగు వాక్యాల మీద అడ్డంగా గీత కొట్టాడు.

"సెలవు మీద వచ్చినవాళ్లకి చావు కబుర్లెందుకమ్మా? మిగతాదంతా బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

ఆ బ్రహ్మాండం అన్న ఒక్క మాటకి నేను ఐసయిపోయాను. చావు తీసేసి, హాయి ఉంచేసి మళ్లీ టైపు చేశాను. దాన్ని సైక్లోస్టైల్ చేయించి గెస్ట్‌హౌస్‌లో పెట్టించారు. నాకు తెలిసి ఒక్క మనిషి కూడా అది పట్టుకుని నడవలేదు. వచ్చినవాళ్లంతా జైలు చూసి, బీచి చూసి, గవ్వలు కొనుక్కుని ఓడెక్కేవాళ్లు. అక్కడితో ఆ కాగితం చచ్చి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడు వానలకు ముందు ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. కొండమీది ఊరివాళ్లు రోడ్డు కోసం, నల్లా మీద వంతెన కోసం అర్జీ పెట్టుకున్నారు. హిందీలో ఉంది. వాళ్ల బడి మాస్టరు రాసిచ్చినట్టున్నాడు. కింద ఊరందరి సంతకాలు, సంతకం రానివాళ్ల వేలిముద్రలు. అందులో ఒక వాక్యం ఉంది: మా ఇంటి కోడలికి ఈ వానాకాలంలోనే నెలలు నిండుతాయి, మా కూతురికి జరిగినట్టు జరగకూడదు. అది ఎవరిల్లో నాకు వేరే చెప్పక్కర్లేదు. అర్జీ వేరే ఆఫీసుకు వెళ్తే, వాళ్లు మా అభిప్రాయం అడిగారు. మావాళ్లు రాసిన జవాబు చిత్తుప్రతి దానికి గుచ్చి ఉంది, నేను టైపు చెయ్యడానికి. అందులో ఏముందంటే, మా ఆఫీసు తయారుచేసిన నడకదారి వివరాల ప్రకారం ఆ ఊరికి గంటన్నరలో చేరుకోవచ్చు, ఇద్దరు మహిళలు హాయిగా ఎక్కివచ్చారు, కాబట్టి రోడ్డు అవసరం అంత తొందరగా లేదు.

నా మాట. నేను గీత గీసి మరీ రాసుకున్న మాట. నా కాగితాన్ని ప్రపంచంలో శ్రద్ధగా చదివిన మనిషి ఒకే ఒక్కడు ఉన్నాడు. వాడు దాన్ని ఒక ఊరికి రోడ్డు లేకుండా చెయ్యడానికి చదివాడు.

మాసీ చెప్పిన ఐదు గంటలూ, మేం చేరేసరికి తోముతున్న ఆ అంట్లూ అప్పటికి గుర్తొచ్చాయి నాకు. ఫైలు పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్లాను. "సార్, ఇందులో టైము తప్పు. గంటన్నర కాదు. మూడున్నరో నాలుగో ఉంటుంది," అన్నాను.

"నువ్వే కదమ్మా రాశావు? గడియారం చూసుకోలేదా?"

"గడియారం ఆగిపోయింది సార్. పాటలతో కొలిచాం."

ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను, కీర్తనకు ఐదు నిమిషాలని, రాళ్లు వేసుకున్నామని. ఆయన ముందు నవ్వు ఆపుకున్నాడు. ఆపుకోలేకపోయాడు. పక్కగదిలో ఉన్న ఇంకో ఆఫీసరును పిలిచి, "మళ్లీ చెప్పమ్మా, ఈయనకూ చెప్పు," అన్నాడు. నేను మళ్లీ చెప్పాను. చెప్పాను! నోరు మూసుకుని బయటికి రాలేదు. ఇద్దరూ కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. సాయంత్రానికి క్యాంటీనులో టీ పోసేవాడి దాకా వెళ్లింది ఆ కథ. టీ తాగడానికి రెండు పాటలు పడుతుందా, మూడు పాటలా దీదీ అని అడిగాడు వాడు.

నవ్వడం అయ్యాక ఆఫీసరు ఏమన్నాడంటే, ఇప్పుడు టైము మారిస్తే ముందు రాసింది తప్పని ఒప్పుకున్నట్టవుతుంది, వదిలేయ్ అన్నాడు.

నేను వెళ్లి నా కుర్చీలో కూర్చుని ఆ జవాబు టైపు చేశాను. చెయ్యనని అని ఉండచ్చు. ఉద్యోగం పోయేది కాదు, మహా అయితే ఇంకొకళ్లు చేసేవాళ్లు. కానీ నా వేళ్లతో నేనే చేశాను. ఒక్క అక్షరం తప్పు పోకుండా. ఆ మనుషుల మీద నాకున్న కోపం ఈపాటికి చల్లారింది, వాళ్లలో సగంమంది బతికి కూడా లేరు. ఆ మధ్యాహ్నం ఆ కుర్చీలో కూర్చున్న పిల్ల మీద కోపం మాత్రం చల్లారలేదు.

ఇంటికెళ్లి పిన్నికి అంతా చెప్పాను. ఆవిడ తన గడియారం తీసి నా ముందు పెట్టింది. ఎప్పుడో బాగుచేయించుకుంది దాన్ని.

"పాటల్దేటే తప్పు? కొలిసినోల్లది. నాదీ ఉన్నాది అందులో," అంది. "ఎల్లు. ఎల్లి సూసుకునిరా. నా మోకాళ్లు ఇప్పుడు ఎక్కవు గానీ, నేనూ వొచ్చేదాన్నే."

రెండు మూడు వారాలకు గానీ సెలవు దొరకలేదు. అప్పటికి వానలు పట్టాయి. నల్లాలో నీళ్లు నడుం దాకా ఉన్నాయి. పాట పాడలేదు. నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది, ఒంటి మనిషిని, సంచీ కూడా లేకుండా. దారిలో ఒకచోట బురదలో పడి లేచి, అక్కడే కూర్చుని గట్టిగా తిట్టాను. ఎవర్ని తిట్టానో నాకే తెలియదు.

మాసీ నన్ను చూసి సంతోషించింది. అది భరించడం కష్టమైంది. కోడలు పెద్ద పొట్టతో, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని గుమ్మంలో నిలబడింది. ఏడో నెల దాటి ఎనిమిది. కొడుకు పని మీద వేరే దీవికి వెళ్లాడట. మాసీ నా బట్టలు పిండి ఆరేసి, కట్టుకోవడానికి తన చీర ఇచ్చి, టీ పెట్టింది. నేను మాట ఎలా ఎత్తుకోవాలా అని చూస్తుంటే ఆవిడే లోపలికి వెళ్లి రేకు డబ్బాలోంచి ఒక కవరు తెచ్చింది.

"మంచి వేళకి వచ్చావు బేటీ. సర్కారు నుంచి జవాబు వచ్చింది. ఇంగ్లీషు. మాస్టర్‌జీ సెలవుల్లో ఉన్నాడు. వారం నుంచి ఎవరు చదువుతారా అని చూస్తున్నాం. పఢ్ కే సునావో," అంది.

విప్పాను. పైన వేరే ఆఫీసు వాళ్ల నాలుగు వాక్యాలు, దానికి గుచ్చి మా జవాబు నకలు. నా మిషను మీద కొట్టినదే. ఆ మిషనులో ఒక అక్షరం కాస్త పైకి ఎగిరి పడేది. చూడగానే తెలిసిపోయింది.

పక్కింటివాళ్లు కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డారు. అబద్ధం చదివెయ్యచ్చు. రోడ్డు గురించి ఆలోచిస్తున్నారని చదివి, టీ తాగి, దిగిపోవచ్చు. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది, దాచను. తర్వాత ఉన్నది ఉన్నట్టు హిందీలో చదివాను. గంటన్నర. ఇద్దరు మహిళలు. హాయిగా. రోడ్డు అవసరం అంత తొందరగా లేదు.

మాసీ, "ఎవరా ఆడవాళ్లు? ఇక్కడికి ఎవరొచ్చారు?" అంది పక్కవాళ్లకేసి చూస్తూ. అంటూ అంటూ నా మొహం చూసి ఆగిపోయింది.

"మేమే మాసీ. పిన్నీ నేనూ. రాసింది నేను. ఈ కాగితం కొట్టింది కూడా నేనే," అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టించుకోవాలనే వచ్చాను అక్కడికి, ఒకరకంగా. తిట్టలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుని, మడత పెట్టి, డబ్బాలో పెట్టి మూత వేసింది. కోడలి వైపు తిరిగి బెంగాలీలో ఏదో చెప్పింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. మాసీ గొంతు పెంచి మళ్లీ చెప్పింది. తర్వాత నాతో హిందీలో అంది.

"పొద్దున్న ఇది నీతో దిగుతుంది. కాళ్లున్నప్పుడే దిగాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో మాకెవరూ లేరు. నీ ఇంట్లో ఉంటుంది. ఆస్పత్రికి నువ్వే తీసుకెళ్తావు. బిడ్డ వచ్చాక నువ్వే తెచ్చి ఇక్కడ దింపుతావు."

అడగడం కాదు అది. సరే మాసీ అన్నాను.

పొద్దున్న బయల్దేరాం. మాసీ నల్లా దాకా వచ్చింది. ఎనిమిదో నెల గర్భిణి ఆ బురదలో ఎలా దిగిందో రాయడానికి నాకు చేతకాదు. అరగంటకొకసారి కూర్చుంది. జారేచోట ఇద్దరం చెరో పక్క పట్టుకున్నాం. మాసీ చెయ్యి గట్టిగా పట్టుకునేది, నా చెయ్యి మాత్రం తప్పనిచోటే పట్టుకునేది. నల్లా దాటించి, బస్సెక్కించి, మాసీ వెనక్కి తిరిగి చూడకుండా ఎక్కుడు మొదలుపెట్టింది.

ఆఫీసులో నేను ఏమీ చెయ్యలేదనుకోకండి. వచ్చిన రోజే కొత్త కాగితం టైపు చేశాను. గడియారం చూసి రాసిన టైము, నల్లా లోతు, పోయిన కూతురు, అన్నీ. సంతకం పెట్టి ఫైలుకు గుచ్చాను. మర్నాడు చూస్తే అక్కడ గుండుసూది రంధ్రాలు తప్ప ఏమీ లేదు. మళ్లీ గుచ్చాను. మళ్లీ తీసేశారు. మూడోసారికి నన్ను ఇంకో సెక్షనుకు మార్చారు. ఆ ఊరికి రోడ్డు చాలా ఏళ్ల తర్వాత పడింది. నావల్ల కాదు.

ఆ అమ్మాయి మా ఇంట్లో రెండు నెలలు దాటి ఉంది. పిన్నితో బాగా కలిసిపోయింది. పిన్ని తెలుగు, ఆ పిల్ల బెంగాలీ, మధ్యలో హిందీ, ఇద్దరూ వంటింట్లో గలగలా నవ్వుకునేవాళ్లు. నేను గుమ్మంలోకి వస్తే నవ్వు ఆగిపోయేది. నేను పెట్టింది తినేది, నేను పరిచిన పక్క మీద పడుకునేది, ఆస్పత్రికి నాతోనే వచ్చేది. నాతో మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. అడిగినదానికి తల ఊపడమే. ఒకరోజు నాకు ఉక్రోషం ఆగక, "ఇంకేం చెయ్యమంటావు నన్ను?" అని అరిచాను. కొంగు సర్దుకుని పిన్ని దగ్గరకు వెళ్లిపోయింది. పిన్ని నన్నే కసిరింది.

బిడ్డ అడ్డంగానే ఉందట. కోసి తీశారు. ఆడపిల్ల. నిక్షేపంగా ఉంది. తల్లి కూడా. డాక్టరమ్మ గ్లవ్సు విప్పుకుంటూ, "ఇంటి దగ్గరే ఉండి ఉంటే ఇద్దరూ దక్కేవాళ్లు కాదు," అని మామూలుగా చెప్పి వెళ్లిపోయింది. నేను వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాను. దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవాలి ఆ వేళ. నా నోటివెంట ఒక్క ప్రార్థన రాలేదు. పళ్లు పటపటా కొరుక్కున్నానంతే.

కుట్లు మానాక, వానలు కాస్త తెరిపి ఇచ్చాక, మాటిచ్చినట్టే దింపడానికి బయల్దేరాను. నల్లా దగ్గర బస్సు దిగాం. నీళ్లు మోకాలి దాకానే ఉన్నాయి. దాటాం. అవతలి ఒడ్డున ఆ అమ్మాయి ఆగి, కొండ పైదాకా ఒకసారి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసి, గుడ్డలో చుట్టిన పాపను నా చేతుల్లో పెట్టింది.

"తుమ్ ఉఠావో," అంది.

నువ్వు మొయ్యి అని. అని, ముందు నడిచింది. నేను పాపను గుండెకు కట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాను.